ఎర్ర దారం, నీలి దారం

అలెగ్జాండ్రియా,
మార్చి 4

అన్నయ్యా,

నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేయకుండా ఈ కాగితమేమిటని అనుకుంటావు. పోయిన ఆగస్టులో మనం ఫోన్లో మాట్లాడుకున్న తీరు నా చెవుల్లో ఇంకా ఉంది. చెరువు నిండా తెల్లటి పొట్టలు తేలుతుంటే నువ్వు ఫోన్ చేసి, "పదకొండేళ్ళు చేపల మీద చదివావు గదే, ఇవెందుకు చస్తున్నాయో ఒక్క ముక్క చెప్పవే" అన్నావు. నేను నీళ్ళ పరీక్షల గురించి ఏదో నసిగాను. నువ్వు పెట్టేశావు. ఆ తర్వాత ఆరు నెలలు మనిద్దరం వదిన నోటితోనే మాట్లాడుకున్నాం. కాగితమైతే నువ్వు మధ్యలో పెట్టేయలేవు, నేను అరవలేను. ఆదివారం ఆదివారం మీ చేపలు ఇక్కడి బజారుకు తెచ్చే ఉస్తా గాబిర్ ఖాళీ బండితోనే గదా తిరిగొస్తాడు, ఉత్తరాలు మోయడానికి ఒప్పుకున్నాడు.

నీ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. కాని ఒకటి చూశాను, అది నీకు చెప్పాలి.

మా లాబ్‌లో జీబ్రా చేపలని ఉన్నాయి. వేలెడంత కూడా ఉండవు. వాటి పిల్లలు గుడ్డు నుంచి వచ్చిన కొత్తల్లో గాజులా ఉంటాయి, లోపల గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. ఆ వయసులో వాటికి పుట్టుకతో వచ్చిన కాపలా ఒక్కటే ఉంటుంది. ఒక్కో రోగాన్ని గుర్తుపట్టి ప్రత్యేకంగా పోరాడే శక్తి తర్వాతెప్పుడో వస్తుంది. తోక చివర సూదితో చిన్న గాటు పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తే, తెల్ల కణాలు నలుమూలల నుంచీ ఆ గాటు వైపు పరుగెత్తుతాయి. ఎవరు పిలిచారో ఏమో. మొదటిసారి చూసిన రోజు నేను భోజనం సంగతి మరిచిపోయాను.

రొట్టెల పిండి పులియబెట్టే ఈస్ట్ ఉంది కదా, దాని పైపొట్టును మేతలో కలిపి పెడితే ఈ కణాలు ఇంకా చురుగ్గా కదులుతున్నాయి. శత్రువు రాకముందే ఒళ్ళు మేలుకుంటోందన్నమాట. అయితే అది గాజు తొట్టెలో. మీ బురుల్లుస్ ఎండలో, ఆ కాలువ నీళ్ళలో, మీరు పెంచే మన బుల్తీ చేపల్లో ఇదే జరుగుతుందా? నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది.

నాలుగు చెరువులు ఇస్తావా? కాదనవని రెండు రకాల బస్తాలు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఒకదానికి మూతి ఎర్ర దారంతో, రెండోదానికి నీలి దారంతో కుట్టి ఉంటుంది. ఒకదాంట్లో ఈస్ట్ పొట్టు ఉంది, రెండోదాంట్లో మామూలు మేతే. ఏది ఏదో నాకూ తెలియదు. మా ప్రొఫెసర్ డాక్టర్ తహానీ ఒక కవర్లో రాసి సీలు వేసి బీరువాలో పెట్టింది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎనిమిది వారాలు పెట్టి ఆపేయాలి. తర్వాత అన్నిటికీ ఒకే మేత. అప్పుడప్పుడు కొన్ని చేపల్ని ఐసు పెట్టెలో గాబిర్ చేత పంపితే రక్తం తీసి చూస్తాను. ఎండాకాలంలో చావులు మొదలైతే, ఏ చెరువులో రోజుకు ఎన్ని చచ్చాయో లెక్కపెట్టి రాయాలి. అంతే.

నీ చెల్లెలు,
సోహైర్


బురుల్లుస్,
మార్చి 12

డాక్టరమ్మ గారికి,

శాంతి, దీవెనలు. నీ ఉత్తరం మీ వదిన బద్రియా రెండుసార్లు చదివి వినిపించింది. చదవడం నాకూ వచ్చనుకో, కాని నీ దస్తూరి ఆ గాటు దగ్గరికి పరుగెత్తే కణాల్లా ఉంది.

ఫోన్ పెట్టేసింది నేనే, ఒప్పుకుంటున్నాను. ఆ రోజు మూడో చెరువులోంచి చచ్చిన చేపల్ని పడవలకెత్తి ఒడ్డున పారబోశాను. చేతులకు ఆ కంపు వారం దాకా పోలేదు. నీ మీద కోపం కాదు. చెప్పేవాళ్ళు ఎవరూ లేక నీ మీద పడ్డాను.

నాలుగు చెరువులూ తీసుకో. గట్టు పక్కన ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి, ఒకే కాలువ నీళ్ళు. చెరువుకు పదివేల పిల్లల్ని వదిలాను. ఒకటి, మూడు ఎర్ర దారం. రెండు, నాలుగు నీలి దారం. బస్తాలు దించుతూ గాబిర్ అడిగాడు, "ఇదేంటి మెత్‌వల్లీ, చేపలకు వైద్యమా?" అని. "కాదురా, కాపలావాడికి జీతం" అన్నాను. "మా వీధి కాపలావాడిలాంటోడైతే నీ చేపలు పోయినట్టే. బెంచీ మీదే తెల్లారుద్ది వాడికి" అన్నాడు.

ఇక్కడ అందరికీ ఒకటే అనుమానం. పక్క చెరువుల షల్కామీ వచ్చి గట్టు మీద కూర్చుని, "రోగం రాకముందే మందా? ఆకలి వేయకముందే అన్నం తినమన్నట్టుంది" అన్నాడు. బద్రియా మాత్రం అడిగింది, ఇది నీకు రాయమంది: మేలుకున్న ఒళ్ళు ఎప్పుడూ మేలుకునే ఉంటే అలసిపోదా? చేప పెరగడం ఆగిపోదా?

బస్తాల్లో ముక్కు పెట్టి చూశాను. ఏదో తెలిసింది. నీకు చెప్పను.

మీ అన్న,
మెత్‌వల్లీ


అలెగ్జాండ్రియా,
జూన్ 9

అన్నయ్యా,

ఐసు పెట్టెల్లో నువ్వు పంపిన చేపలు మూడు విడతలూ అందాయి. రక్తం తీశాను. వదిన అడిగింది మంచి ప్రశ్న, డాక్టర్ తహానీ కూడా అదే అంది. అందుకే ఎనిమిది వారాలకు ఆపేశాం. ఎక్కువ పెడితే చేప బక్కచిక్కుతుందని భయం. ఎంత పెడితే ఎక్కువో ఎవరికీ సరిగ్గా తెలియదు.

ముక్కు పెట్టి చూశానన్నావు. దయచేసి ఊహించకు. మనసులో ఒకటి అనుకుంటే కళ్ళు దాన్నే చూస్తాయి. నా కళ్ళైనా అంతే, అందుకే కవరు బీరువాలో ఉంది.

ఒకటి మాత్రం చెబుతాను. తెల్ల కణాల ముందు సూక్ష్మజీవుల్ని వేసి ఎన్నిటిని మింగుతాయో చూశాను. నీలి దారం చేపల కణాలు ఆబగా మింగుతున్నాయి. ఎర్ర దారంవి నింపాదిగా ఉన్నాయి. తేడా పెద్దదేం కాదు, కాని మూడు విడతల్లోనూ అలాగే వచ్చింది. ఈ ముక్క నీకు రాయకూడదేమో. రాయకుండా ఉండలేకపోయాను. మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తితే చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

పండక్కి రాలేను. తొట్టెల్ని వదిలి రావడానికి లేదు. వదిన చేసే ఫితీర్ రొట్టెలు రెండు గాబిర్ చేత పంపండి, నెయ్యి ఎక్కువ వేసి.

సోహైర్


బురుల్లుస్,
ఆగస్టు 20

చెల్లీ,

ఎండ మండిపోతోంది. నీళ్ళలో చెయ్యి పెడితే టీ గ్లాసులో పెట్టినట్టుంది. షల్కామీ చెరువుల్లో మొదట తేలాయి, మర్నాటికి మనవాటిలో. నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు ఆపడం లేదు. చేప ఒడ్డుకు వచ్చి పక్కకు ఒరిగి తిరుగుతుంది, కన్ను ఉబ్బుతుంది, అంతే.

లెక్కలు ఇవి. పదమూడు రోజులవి. ఎర్ర దారం చెరువుల్లో 640, 710. నీలి దారం చెరువుల్లో 2,150, 2,380. రోజువారీ కాగితం జత చేశాను.

ఇప్పుడు తగ్గుముఖం పట్టింది. బద్రియాకు ఒంట్లో నలతగా ఉంది, ఎండలో గట్టు మీద నిలబడి. ఎక్కువ రాయలేను.

మెత్‌వల్లీ


అలెగ్జాండ్రియా,
సెప్టెంబరు 14

అన్నయ్యా,

నిన్న మధ్యాహ్నం కవరు తెరిచారు. డాక్టర్ తహానీ, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు, నేను. ఎర్ర దారం మామూలు మేత. ఈస్ట్ పొట్టు ఉన్నది నీలి దారం బస్తాల్లో.

అంటే నీ లెక్కల ప్రకారం, నేను మంచిదనుకుని పెట్టిన మేత తిన్న చేపలే మూడింతలు చచ్చాయి. ఆ అంకెలు నేనే పైకి చదివాను. తర్వాత ఒకాయన, "ఫలితం ఫలితమే. రాయండి" అన్నాడు. రాస్తాను. తప్పని తేలడం కూడా తేలడమేనని నేనే విద్యార్థులకు చెబుతుంటాను. ఇన్నాళ్ళూ వినేవాళ్ళకు ఎలా ఉంటుందో తెలియలేదు.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఈ ఏడాదితో నా పరిశోధనకు ఇచ్చిన గడువు అయిపోతుంది. ఇది నిలబడితే ఇంకో మూడేళ్ళు ఇస్తామన్నారు. నిలబడలేదు కాబట్టి ఎక్కడైనా పాఠాలు చెప్పుకోవాలి. బాధపెట్టడానికి రాయడం లేదు, దాచి మాత్రం ఏం చేస్తాను?

కాని అన్నయ్యా, ఒకటి కుదరడం లేదు. నీలి దారం చేపల కణాలు బాగా మింగాయి, నా కళ్ళతో చూశాను. బాగా మింగే కణాలున్న చేపలు ముందు ఎందుకు చచ్చాయి? అలసిపోయాయా? వదిన అడిగిందే నిజమా? లేక ఆ రెండు చెరువుల్లో ఇంకేదైనా ఉందా? నీకు గుర్తున్నదల్లా రాయి. కొంగలు ఎటు వాలాయి, నాచు ఎటు పట్టింది, ఏ ఏరేటరు ఆగింది, ఏదైనా సరే. చిన్నదని వదిలేయకు.

సోహైర్


బురుల్లుస్,
సెప్టెంబరు 19

సోహైర్,

నీ ఉత్తరం బద్రియా పైకి చదివింది. చదివి మడిచి నా ముందు పెట్టింది. "ఇప్పుడు కాగితం నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అంది. నేనే రాస్తున్నాను.

లెక్కలు తిప్పి రాశాను. ఎర్రవి నీలివిగా, నీలివి ఎర్రవిగా. బద్రియా రాసిన అసలు కాగితం వేరే ఉంది, దాన్ని చూసి నేను ఇంకోటి రాసి పంపాను.

మార్చిలో బస్తాల్లో ముక్కు పెట్టానన్నాను కదా. ఎర్ర దారం బస్తా అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా కమ్మగా ఉంది. ఈస్ట్ అంటే ఇదే అనుకున్నాను. జూన్‌లో ఎర్రవాటి కణాలు నింపాదిగా ఉన్నాయని నువ్వు రాస్తే, మందు వికటిస్తోందేమోనని అప్పుడే భయం పట్టుకుంది. ఆగస్టులో ఎర్ర చెరువుల్లో చేపలు గుట్టలుగా తేలాయి. మా చెల్లెలి మందే చంపుతోంది అనుకున్నాను. పెద్ద పెద్దవాళ్ళ ముందు నువ్వు తలదించుకుని నిలబడడం కళ్ళకు కట్టింది. అప్పుడు ఫోన్లో నిన్ను అన్న మాటలకు ఇదైనా చేయాలనిపించింది. కాగితం మీద రెండు రంగులు మార్చడమే కదా అనుకున్నాను.

బద్రియా అడ్డం పడింది. "చచ్చిన చేపల్ని లెక్కపెట్టింది నేను. నా లెక్కకు రంగు వేయడానికి నువ్వెవరు?" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. ఒంట్లో నలత అని రాశానే, అది అబద్ధం. ఉత్తరం చివర తనూ రెండు ముక్కలు రాస్తానంది, నేను రాయనివ్వలేదు.

అసలు కాగితం దీనితో పెడుతున్నాను. చెమటకు కొన్నిచోట్ల అలుక్కుపోయింది. ఎర్ర దారం 2,150, 2,380. నీలి దారం 640, 710. నీ మేత మంచిదే తల్లీ. నేనే దాన్ని చంపాను.

మెత్‌వల్లీ


అలెగ్జాండ్రియా,
సెప్టెంబరు 28

అన్నయ్యా,

రెండు కాగితాలూ డాక్టర్ తహానీ బల్ల మీద పెట్టాను. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఈ రెండోది నిజమని నేను నమ్ముతున్నాను. కాని అమ్మా, నమ్మకం నా సొంతానికి. ఒకసారి మారిన లెక్కను ఇంకెవరికీ చూపించలేం" అంది. అది న్యాయం. రెండూ కొట్టేశాం. ఈ ఏడాది మొత్తం పోయింది.

నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో రాయడానికి మాటలు వెతకను. నేను తలదించుకుంటానని భయపడ్డావు. ఓడిపోయి నిలబడడం నాకు చేతకాదనుకున్నావా? నువ్వు నన్ను కాపాడావు, నా పనిని కాదు. ఆ రెండూ వేరని నీకెందుకు తోచలేదు?

నా తప్పూ ఉంది, అది కూడా ఆవిడకు చెప్పాను. సొంత అన్న చెరువుల్లో పెట్టకూడదు. నీ మాటకు జవాబు నీకే చూపించాలని మొండికేసి అక్కడ పెట్టాను. పైగా కణాల సంగతి మధ్యలో నీకు రాశాను. నిన్ను ఊహించొద్దని చెప్పి నేనే నీకు ఊహ అందించాను.

ఆ రొట్టె వాసన ఏమిటని గాబిర్‌ను అడిగాను. మేత తెచ్చిన ఆదివారం బండిలో ఎర్ర దారం బస్తాల మీద రొట్టెల బుట్టలు పెట్టుకొచ్చాడట. రెండు మేతలకూ ఒకే నూనె పట్టించాం అన్నయ్యా, వాసనలో తేడా తెలియకుండా.

వదినకు నా సలాం చెప్పు. ఆవిడ కాగితం నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

సోహైర్


బురుల్లుస్,
నవంబరు 2

చెల్లీ,

ఐదు వారాలు ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. క్షమించమని అడిగితే నువ్వు క్షమిస్తావు, అది నాకు తెలుసు. దానివల్ల నీ ఏడాది తిరిగి రాదు.

మా చెరువులు మళ్ళీ వాడుకోమని డాక్టర్ తహానీకి చెప్పు. లెక్క నాకు వద్దు. ఎవరినైనా పంపమను, వాళ్ళకు గది ఇస్తాను, అన్నం బద్రియా పెడుతుంది. చచ్చిన చేప ఉన్న గట్టు మీదికి నేను రాను. కావాలంటే కాగితం మీద సంతకం పెడతాను. షల్కామీ కూడా రెండు చెరువులు ఇస్తానన్నాడు. వాడు రొట్టె వాసన కథ విని నవ్వీ నవ్వీ గట్టు మీంచి జారాడు. మోకాలు దాకా బురద. అప్పుడు నేనూ నవ్వాను, చాలా రోజులకి.

మెత్‌వల్లీ


అలెగ్జాండ్రియా,
నవంబరు 20

అన్నయ్యా,

డాక్టర్ తహానీ నాకు ఇంకొక్క ఏడాది ఇప్పించింది. ఎవరితో ఏం మాట్లాడిందో చెప్పలేదు. మార్చిలో మా లాబ్ నుంచి రషాద్ అనే ఆయన వస్తాడు. నలభై ఏళ్ళవాడు, పదేళ్ళుగా చేపల రక్తం తీస్తున్నాడు, నీళ్ళంటే మాత్రం భయం. మీ గట్టు మీద జాగ్రత్తగా నడిపించండి. ఈసారి ఆరు చెరువులు. బస్తాలకు రంగులు ఉండవు, అంకెలే. రషాద్ ఏమీ చెప్పడు, నువ్వు ఏమీ అడగకు.

నువ్వు మార్చిలోగా ఒకసారి ఇక్కడికి రా. ఇన్నేళ్ళలో నా లాబ్ చూడలేదు నువ్వు. గాజు చేపల్ని చూపిస్తాను.

సోహైర్


బురుల్లుస్,
ఆగస్టు 30

చెల్లీ,

ఫిబ్రవరిలో మీ లాబ్ నుంచి వచ్చాక నీకు రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఆ మైక్రోస్కోపులోంచి చూసింది ఇంతవరకూ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. షల్కామీకి చెప్పబోతే, "తోక కొస్తే చీమలు పరిగెత్తాయా?" అన్నాడు. వదిలేశాను.

ఈ ఏడు కూడా ఎండ వచ్చింది, చావులూ వచ్చాయి. ఏ చెరువులో ఎన్నో నాకు తెలియదు. రషాద్ గారు పొద్దున్నే గొడుగు పట్టుకుని పోతాడు, మధ్యాహ్నం వస్తాడు, నోరు విప్పడు. బద్రియా ఎన్ని రకాలుగా వండిపెట్టినా విప్పలేదు. నేను ఇంట్లో కూర్చుని వలలు అల్లాను. కిటికీ కూడా అటు వైపు తెరవలేదు. చేపలు చస్తుంటే చూడకుండా కూర్చోవడం ఇంత కష్టమని అనుకోలేదు.

అలా కూర్చుని ఒకటి ఆలోచించాను. తప్పయితే నవ్వకు. ఆ రోజు డాక్టర్ తహానీ నాకు చూపిస్తూ, గాటు దగ్గరికి పరుగెత్తే ఈ కణాలు నాలుగైదు రోజులే బతుకుతాయి, చచ్చిపోతాయి, కొత్తవి పుడతాయి అంది. సరే. మనం ఈస్ట్ మేత మే నెలాఖరుకే ఆపేస్తున్నాం. రోగం వచ్చేది ఆగస్టులో. మధ్యలో రెండు నెలలపైన. మేత తిన్న కణాలన్నీ ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి. ఇప్పుడున్నవి ఆ మేత మొహమే చూడలేదు. మరి అవి ఎందుకు చురుగ్గా ఉండాలి? వీటికి ఎవరు చెప్పారు?

పని చేయకపోతే ఈ ప్రశ్నే లేదు, నాకు తెలుసు. పని చేస్తే మాత్రం నాకు ఇది అర్థం కావడం లేదు. బద్రియాను అడిగితే, "నన్నడుగుతావేం, ఉత్తరం రాయి" అంది.

మెత్‌వల్లీ


అలెగ్జాండ్రియా,
సెప్టెంబరు 17

అన్నయ్యా,

నిన్న కవరు తెరిచారు. ఈస్ట్ పొట్టు తిన్న మూడు చెరువుల్లో చావులు మిగతావాటిలో సగం. పోయిన ఏడాది వదిన కాగితంలో ఉన్నంత తేడా లేదు. ఒక చెరువులో అయితే దాదాపు తేడానే లేదు, ఎందుకో తెలియదు. కాని సగం అంటే సగమే. గదిలో ఉన్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకున్నారు. రషాద్ గొడుగు మడిచి కుర్చీకి తగిలించి, ఆరు నెలల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాడు.

నేను ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. నీ ఉత్తరం సంచిలోంచి తీసి డాక్టర్ తహానీకి చదివి వినిపించాను, కణాలు నాలుగైదు రోజులే బతుకుతాయన్న దగ్గర నుంచి. ఆవిడ కళ్ళద్దాలు తీసేసింది. "ఇది అడిగిందెవరు?" అంది. "మా అన్నయ్య" అన్నాను. "లెక్కలు తిప్పిన ఆయనా?" "ఆయనే" అన్నాను. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఇంకో మూడేళ్ళు అడగడానికి ఇదొక్క ప్రశ్న చాలు" అంది.

ఆ కణాలు పుట్టేచోట వెతకాలంటుంది ఆవిడ. మనకు రక్తం ఎముకల్లో పుడుతుంది. చేపకు తల వెనకాల, మూత్రపిండం ముందు భాగంలో పుడుతుంది. మేత సంగతి పిల్లకణాలకు కాక, వాటిని కనే తల్లికణాలకు తెలిసిందేమో. అవి చావకుండా అక్కడే ఉండి, పుట్టించే ప్రతిదానికీ ఆ సంగతి అందిస్తున్నాయేమో. వేరే జంతువుల్లో ఇలా జరుగుతుందని కొందరు చూపించారు. మన బుల్తీలో జరుగుతుందో లేదో చూడాలి. కాదని కూడా తేలవచ్చు. అప్పుడు నీ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది.

పై ఆదివారం ఐసు పెట్టెలతో నేనే వస్తున్నాను. ఆరు చెరువుల నుంచీ బతికి ఉన్నవి పదేసి కావాలి. తలలతో సహా. పులుసుకు తలలు తీసి ఉంచుకోవద్దని వదినతో ముందే చెప్పు.

ఇంకొక మాట. కొత్త దరఖాస్తులో, ఈ ప్రశ్న ఎవరి నుంచి వచ్చిందో ఒక వాక్యం రాయాలంది డాక్టర్ తహానీ. నీ పేరు, నాన్న పేరు, తాత పేరు, నీ గుర్తింపు కార్డు మీద ఎలా ఉందో అలాగే అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంచు, వచ్చినప్పుడు తీసుకుంటాను. నాకు తెలియక కాదు. నువ్వు రాసింది చూసి రాయాలని.

నీ చెల్లెలు,
సోహైర్